దుబాయ్ మెరీనా: నీటి మీద ఒక పూట

మన ఇళ్ళలో దుబాయ్ అనే మాటకు చాలాకాలం ఒకే అర్థం ఉండేది. అది ఇంటి పెద్దకొడుకు సంపాదన కోసం వెళ్ళే చోటు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లోనూ, రాయచోటి, కడప వీధుల్లోనూ, కోనసీమ లంకల్లోనూ ఆ పేరు వినగానే గుర్తుకు వచ్చేవి నెలనెలా అందే డబ్బు, రెండేళ్ళకొకసారి దొరికే సెలవు, విమానాశ్రయం బయట తాళ్ళతో బిగించి కట్టిన అట్టపెట్టెలు. ఆ నగరాన్ని చూడడానికని వెళ్ళే ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. అక్కడ కుదురుకున్న కొడుకులూ కూతుళ్ళూ తల్లిదండ్రులను పిలిపించుకుంటున్నారు. ఉమ్రా ముగించుకొని తిరుగు ప్రయాణంలో రెండు మూడు రోజులు దుబాయ్‌లో ఆగే కుటుంబాలూ ఉన్నాయి. అలా వెళ్ళినవారిలో చాలామంది ఒక సాయంత్రమైనా గడిపి వచ్చే ప్రదేశం దుబాయ్ మెరీనా.

ఆ సాయంత్రాన్ని ఎలా గడపాలి? ఎంత ఖర్చు పెట్టాలి? పిల్లలను ఏ పడవ ఎక్కించవచ్చు, ఏది ఎక్కించకూడదు? కళ్ళు మిరుమిట్లు గొలిపే ఆ వెలుగుల్లో చూడవలసినదేమిటి, ఆలోచించవలసినదేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలిసి వెళితే ఆ పూట వినోదంతోపాటు విజ్ఞానాన్నీ ఇస్తుంది.

ఎడారిలో తవ్విన కాలువ

మెరీనా అంటే విహార నౌకలు నిలిపే రేవు. సరకు ఓడలు ఆగే రేవుకూ దీనికీ తేడా ఉంది. ఇక్కడ క్రేన్లు, గోదాములు ఉండవు. అలల తాకిడి లేని నిశ్చలమైన నీరు, పడవలను కట్టివేయడానికి తేలియాడే వేదికలు, ఒడ్డున నడిచే బాట ఉంటాయి. ఆ వేదికలు నీటితోపాటే పైకి లేస్తాయి, కిందికి దిగుతాయి. అందువల్ల సముద్రం పోటు మీద ఉన్నా పాటు మీద ఉన్నా పడవకూ వేదికకూ మధ్య ఎత్తు మారదు. వృద్ధులు, చిన్న పిల్లలు సైతం సులువుగా పడవలోకి అడుగు పెట్టగలుగుతారు.

దుబాయ్ మెరీనాలోని నీరు ప్రకృతి ఇచ్చిన ఏరు కాదు. తీరానికి సమాంతరంగా సుమారు 3 కిలోమీటర్ల పొడవున ఇసుక నేలను తవ్వి, సముద్రపు నీటిని లోపలికి రప్పించారు. కెనడా దేశపు వాంకోవర్ నగరంలో ఫాల్స్ క్రీక్ అనే పాయ ఒడ్డున వెలసిన నివాసాలను చూసి ఈ రూపకల్పన చేశారు. మొదటి దశ 2003 ప్రాంతంలో పూర్తయింది. ఆ తర్వాత ఇరువైపులా ఆకాశహర్మ్యాలు లేచాయి. 2012లో పూర్తయిన ప్రిన్సెస్ టవర్ 400 మీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది. కొన్నేళ్ళపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తైన నివాస భవనం అదే. 2013లో ప్రారంభమైన కయాన్ టవర్ అడుగు నుంచి శిఖరం వరకు మెలి తిరుగుతూ పోయి, 90 డిగ్రీలు పక్కకు తిరిగి నిలుస్తుంది. పిండిన తడిబట్టలా కనిపించే ఆ కట్టడాన్ని పడవలోంచి చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు.

కాలువ రెండు కొసలా సముద్రంలో కలుస్తుంది. ఇందులో ఒక అవసరం ఇమిడి ఉంది. నీటికి రాకపోకలు లేకపోతే అది మురుగుతుంది. ఈ సత్యాన్ని దుబాయ్ ఇంజనీర్లు పక్కనే ఉన్న పామ్ జుమేరా ద్వీపం కట్టేటప్పుడు గట్టిగానే తెలుసుకున్నారు. ఖర్జూర చెట్టు ఆకారంలో సముద్రంలో ఇసుక పోసి కట్టిన ఈ ద్వీపం పని 2001లో మొదలైంది. దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో సుమారు 11 కిలోమీటర్ల రాతికట్టను అలలకు అడ్డుగా వేశారు. మొదట ఆ కట్టను ఎడతెగకుండా కట్టాలనుకున్నారు. అలా చేస్తే లోపలి నీరు కదలక పాడవుతుందని తేలింది. దాంతో కట్టకు ఇరుపక్కలా ఖాళీలు వదిలారు. మెరీనా నుంచి బయలుదేరే పడవలు చాలావరకు ఈ ద్వీపం దిశగానే పోయి, దాని కొసన 2008లో తెరిచిన అట్లాంటిస్ హోటల్‌ను చూపించి వెనుదిరుగుతాయి. ఎండలో గులాబీ రంగులో మెరిసే ఆ భవనాన్ని చూపేటప్పుడు, దాని కింద ఉన్న రాతికట్ట కథ కూడా పిల్లలకు చెప్పవచ్చు.

నీటి మీద ఏమేమి ఉన్నాయి?

మెరీనాలో నీటి ప్రయాణాలు అనేక రకాలు. ఎవరి స్తోమతకు, ఎవరి వయసుకు తగినది వారు ఎంచుకోవచ్చు.

అన్నింటికన్నా సులువైనది ప్రభుత్వ రవాణా సంస్థ నడిపే వాటర్ బస్సు. మెరీనాలోని కొన్ని రేవుల మధ్య ఇది అటూ ఇటూ తిరుగుతుంది. అక్కడ నివసించేవారు దీనిని మామూలు ప్రయాణానికే వాడుకుంటారు. చూడడానికి వచ్చినవారికి మాత్రం ఇదే చవకైన విహారం. తక్కువ ఖర్చుతో కాలువ అందమంతా కనులారా చూడవచ్చు. కాస్త దూరం వెళ్ళదలచినవారికి దుబాయ్ ఫెర్రీ ఉంది. అది మెరీనా నుంచి బయటి సముద్రంలోకి పోయి, తీరం వెంబడి సాగి, పాతనగరం వైపు ఉన్న అల్ గుబైబా రేవుకు చేరుతుంది. ఒక్క ప్రయాణంలో కొత్త దుబాయ్, పాత దుబాయ్ రెండూ చూసినట్లవుతుంది.

పర్యాటకులను ఎక్కువగా ఆకర్షించేది ధౌ విందు ప్రయాణం. ధౌ అంటే అరబ్బుల సంప్రదాయ చెక్క ఓడ. ఒకప్పుడు ఖర్జూరాలు, ముత్యాలు మోసిన ఆ ఓడ ఆకారంలోనే నేడు రెండంతస్తుల తేలే భోజనశాలలు కట్టి, దీపాలతో అలంకరించి, రాత్రివేళ గంటన్నర, రెండు గంటలపాటు మెరీనాలో తిప్పుతారు. కింది అంతస్తులో చల్లని గాలి యంత్రాలుంటాయి, పై అంతస్తు ఆరుబయట ఉంటుంది. వృద్ధులకు కింద కూర్చోవడం సుఖం. పైన గాలి బాగుంటుంది కాని మెట్లు ఇరుకు.

వేగాన్ని కోరే యువకులకు రబ్బరు అంచుల వేగపు పడవలు ఉన్నాయి. గంట, గంటన్నరలో పామ్ ద్వీపాన్నీ, తెరచాప ఆకారంలోని బుర్జ్ అల్ అరబ్ హోటల్‌నూ చూపించి తెస్తాయి. ఇవి అలల మీద ఎగిరెగిరి పడతాయి. అందువల్ల గర్భిణులు, నడుమునొప్పి ఉన్నవారు, పసిపిల్లలు వీటి జోలికి పోకూడదు. బంధువులు పది పదిహేను మంది కలిసినప్పుడు గంటల లెక్కన చిన్న యాట్‌ను అద్దెకు తీసుకోవడమూ ఉంది. పంచుకుంటే ఒక్కొక్కరి వాటా మరీ భారమేమీ కాదు. పరాయివారు లేకుండా కుటుంబమంతా స్వేచ్ఛగా కూర్చోవచ్చు గనుక పర్దా పాటించే స్త్రీలకు ఇది వీలుగా ఉంటుంది. లోతు సముద్రంలో గాలం వేసి చేపలు పట్టే ప్రయాణాలూ ఉన్నాయి. గల్ఫ్ వాసులు ఎంతో ఇష్టపడే హమూర్ చేప గాలానికి తగిలితే ఆ రోజు పండుగే.

నీటిలోకి దిగడం ఇష్టం లేనివారికి ఒడ్డే చాలు. కాలువ చుట్టూ సుమారు 7 కిలోమీటర్ల నడకదారి ఉంది. దానికి మరోవైపు, సముద్రం అంచున, జుమేరా బీచ్ రెసిడెన్స్ అనే భవన సముదాయం, దాని ముందు ఇసుక తీరం ఉన్నాయి. ఎదురుగా కనిపించే చిన్న ద్వీపంలో 250 మీటర్ల ఎత్తు గల ఐన్ దుబాయ్ అనే రంగులరాట్నం నిలిచి ఉంది. 2021 అక్టోబరులో ప్రారంభమై, మరుసటి ఏడాదే మూతపడి, 2024 చివరిలో మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. మెరీనాకు చేరడానికి మెట్రో, 2014లో ప్రారంభమైన ట్రామ్ ఉన్నాయి గనుక టాక్సీల ఖర్చు తప్పుతుంది.

ముత్యాల కాలం

ఈ ఆడంబరమంతా నిన్న మొన్నటిది. ఈ తీరానికి అంతకు ముందు వేరే చరిత్ర ఉంది. ఆ చరిత్రకు మన హైదరాబాదుతో దగ్గరి సంబంధం ఉంది.

చమురు కనిపెట్టక పూర్వం గల్ఫ్ తీర ప్రజలకు ప్రధాన జీవనాధారం ముత్యాల వేట. ఎండలు మండే నాలుగు నెలలు, సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు, మగవారంతా ఓడలెక్కి ముత్యపు చిప్పల తిప్పలకు పోయేవారు. ఓడ పెద్దను నఖుదా అనేవారు. నీటిలో మునిగేవాడు ముక్కుకు ఎముకతోనో తాబేటి డిప్పతోనో చేసిన పట్టకారు తగిలించుకొని, కాలికి బరువైన రాయి కట్టుకొని, మెడలో బుట్ట వేసుకొని అడుగుకు దిగేవాడు. ఊపిరి ఆగినంతసేపు, అంటే నిమిషం పైచిలుకు, చేతికందిన చిప్పలను ఏరి బుట్టలో వేసేవాడు. తాడు కదిలించగానే పైనున్నవాడు లాగేవాడు. నాలుగు ఊపిరులు తీసుకొని మళ్ళీ మునక. ఇలా రోజుకు పదుల సార్లు. ఉప్పునీటికి చెవులు, కళ్ళు చెడిపోయేవి. షార్కులు, జెల్లీ చేపలు ఉండనే ఉన్నాయి.

ఇంత కష్టపడినా అతని చేతిలో మిగిలేది తక్కువ. వేటకు బయలుదేరే ముందు ఇంటి ఖర్చులకు నఖుదా దగ్గర ముందస్తు సొమ్ము తీసుకునేవాడు. నఖుదా వర్తకుని దగ్గర అప్పు తెచ్చేవాడు. వేట బాగా సాగకపోతే ఆ బాకీ మరుసటి సంవత్సరానికి పెరిగేది. తండ్రి తీర్చలేని అప్పు కొడుకు మెడకు చుట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. రాజుల కంఠాలను అలంకరించిన ముత్యం, దానిని తెచ్చినవాని ఇంట దీపానికి నూనెనైనా మిగల్చలేకపోయేది.

ఆ ముత్యాలు బొంబాయి బజారుకు చేరేవి. అక్కడి నుంచి దేశమంతటా వ్యాపించేవి. గల్ఫ్ ముత్యాలను మన దేశంలో బస్రా ముత్యాలు అని పిలిచేవారు. నిజాం నవాబుల ఆదరణతో హైదరాబాదు ముత్యాల నగరంగా పేరు పొందింది. 1995లో భారత ప్రభుత్వం కొనుగోలు చేసిన నిజాం ఆభరణాలలో ఏడు పేటల బస్రా ముత్యాల సత్లడా హారం ప్రసిద్ధమైనది. నేటికీ చార్మినార్ చెంత పత్థర్‌గట్టి దుకాణాలలో ముత్యాల దండలు వేలాడుతూనే ఉంటాయి. అయితే ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా సాగుచేసిన ముత్యాలు. జపానులో కనిపెట్టిన ఆ సాగు విధానమే 1929 నాటి ఆర్థిక మాంద్యంతో కలిసి గల్ఫ్ ముత్యాల వేటను కూల్చివేసింది. తీరప్రాంతపు ఇళ్ళలో ఆకలి తాండవించింది. తర్వాత 1966లో దుబాయ్‌లో చమురు బయటపడింది. అదే సంవత్సరం వరకు ఆ తీరంలో చెలామణి అయిన నాణెం మన రూపాయే అన్న సంగతి నేటి తరానికి వింతగా తోచవచ్చు. 1959 నుంచి మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు ముద్రించేది.

ధౌ ఓడ సైతం మన దేశానికి పరాయిది కాదు. గల్ఫ్ ఎడారిలో ఓడకు తగిన కలప దొరకదు. మలబారు అడవుల టేకు దూలాలు సముద్రం దాటి పోయి అక్కడ ఓడలయ్యేవి. కేరళలోని బేపూరులో ఉరు అనే పేరుతో ఆ జాతి ఓడలను నేటికీ కడుతున్నారు. ధౌ విందుకు వెళ్ళినప్పుడు ఓడ పక్కచెక్కను చేతితో ఒకసారి తాకి చూడండి. ఆ విద్యకు ఊపిరి పోసిన చేతులు అరబ్బులవి కొన్ని, మనవి కొన్ని.

ఒక్క దిర్హమ్ పడవ

మెరీనా చూసినవారు దుబాయ్ క్రీక్ చూడకుండా రాకూడదు. ఇది ప్రకృతి ఇచ్చిన ఉప్పునీటి పాయ. నగరం పుట్టింది దీని ఒడ్డునే. పూడుకుపోతున్న ఈ పాయను 1950ల చివర షేక్ రషీద్ అప్పు తెచ్చి మరీ లోతు తవ్వించాడు. పెద్ద ఓడలు లోపలికి రాగలిగాయి, వర్తకం పెరిగింది. చమురు దొరకక ముందే దుబాయ్‌కి భవిష్యత్తు చూపినది ఈ తవ్వకమే.

ఈ పాయకు ఒక ఒడ్డున డేరా, మరో ఒడ్డున బర్ దుబాయ్. రెండింటి మధ్య అబ్రా అనే చెక్క పడవలు తిరుగుతాయి. నడుమ ఒక బల్ల, దానిపై వీపుకు వీపు ఆనించి రెండు వరుసలుగా కూర్చునే జనం, మధ్యలో గుంటలో నిలబడి ఇంజను నడిపే సరంగు. ఇరవై మంది పడతారు. ఐదారు నిమిషాల ప్రయాణం. ఛార్జీ ఒక్క దిర్హమ్. మెరీనాలో గంటకు వందల దిర్హమ్‌ల యాట్ ఎక్కేవాడు చూసే సముద్రమూ, ఇక్కడ ఒక్క దిర్హమ్ ఇచ్చినవాడు చూసే సముద్రమూ ఒకటే. మీద పడే గాలి కూడా ఒకటే.

సెలవు రోజున ఆ ఒడ్డున కూర్చుంటే తెలుగు మాట చెవిని పడకుండా ఉండదు. కూలీల వసతి గృహాల నుంచి బస్సు పట్టుకొని వచ్చి, ఊరి సంగతులు మాట్లాడుకుంటూ, ఇంటికి వీడియో కాల్ చేసి నీటినీ పడవలనూ చూపిస్తూ, చీకటి పడ్డాక వెళ్ళిపోయే మనవాళ్ళు అక్కడ కనిపిస్తారు. వారి విహారమంతా ఆ రెండు దిర్హమ్‌లలోనే జరిగిపోతుంది. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి.

కుటుంబంతో వెళ్ళేవారికి

నవంబరు నుంచి మార్చి వరకు అక్కడ వాతావరణం ఆహ్లాదకరంగా ఉంటుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఎక్కువ. రాత్రిళ్ళు కూడా ఉక్కపోతే. మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి గనుక ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళేవారు పడవ ప్రయాణాన్ని తెల్లవారుజామునో, సూర్యాస్తమయం తర్వాతో పెట్టుకోవడం మేలు. షమాల్ అనే వాయవ్యపు గాలి వీచే రోజుల్లో బయటి సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ రోజు ప్రయాణం రద్దు చేశామని పడవవాడు చెబితే వాదించకండి. మీ మేలు కోరినవాడు గనుకనే అతడు ఆ మాట చెప్పాడు.

సూర్యాస్తమయ విహారం అందంగా ఉంటుందని అందరూ దానికే ఎగబడతారు. అయితే అది మగ్రిబ్ వేళ. ఆ సమయం చాలా స్వల్పం. ఓడ ఒడ్డుకు ఎప్పుడు చేరుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. నమాజుకు ఓడలో శుభ్రమైన స్థలం ఉందో లేదో కనుక్కోవాలి. అంతకన్నా సులువైన మార్గం, మగ్రిబ్, ఇషా నమాజులు ఒడ్డునే పూర్తి చేసుకొని రాత్రి విందు ఓడ ఎక్కడం. మెరీనా నడకదారి పక్కనే కాలువకు అభిముఖంగా మస్జిద్ అల్ రహీమ్ ఉంది. నీటి అంచున ఆ తెల్లని మీనారు దూరం నుంచే కనిపిస్తుంది.

భోజనం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ముస్లిం దేశం గనుక అన్నీ మనకు తగినవే ఉంటాయని అనుకోకూడదు. పర్యాటకుల కోసం నడిచే ఓడల్లో కొన్నింటిలో మద్యం వడ్డిస్తారు, పాటలు, నృత్య ప్రదర్శనలు ఉంటాయి. టికెట్టు కొనేటప్పుడే "ఈ ఓడలో మద్యం ఉంటుందా? ప్రదర్శనలు ఏమిటి?" అని మొగమాటం లేకుండా అడగాలి. మద్యం లేని ఓడలు కావాలంటే దొరుకుతాయి. డబ్బు కట్టి, ఎక్కి, మధ్య నీటిలో ముఖం తిప్పుకొని కూర్చోవడం కన్నా ముందే అడగడం నయం.

ధర విషయానికి వస్తే, ఒకే ఓడకు ఒడ్డున నిలబడి పిలిచే దళారి ఒక ధర చెబుతాడు, కార్యాలయంలో ఇంకో ధర ఉంటుంది. ధరలో భోజనం, నీళ్ళు, హోటల్ నుంచి తీసుకువెళ్ళే వాహనం చేరి ఉన్నాయో లేదో అడిగి, రసీదు తీసుకోవాలి. ముఖ్యమైన మాట ఇంకొకటి. పిల్లలు అడిగారని, బంధువులు ఫొటోలు పెట్టారని, అప్పు చేసి యాట్ ఎక్కవలసిన పని లేదు. విహారం కుటుంబానికి హక్కే. కష్టపడే మనిషికి విశ్రాంతి, భార్యాపిల్లలకు ఉల్లాసం అవసరమే. కాని ఇంటికి వచ్చాక ఆరు నెలలు ఆ బాకీ తీర్చవలసి వస్తే ఆ ఉల్లాసం మిగలదు. ముత్యాల వేటగాడు అప్పు చేసింది పొట్ట కోసం. మనం ప్రదర్శన కోసం అతని దారి పట్టకూడదు.

ముందు ప్రాణం, తర్వాత వినోదం

దుబాయ్ పడవల్లో ఎక్కగానే మొదట చేసేది లెక్క. ఎంతమంది ఎక్కారో లెక్కించి, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూపించి, వేగపు పడవల్లోనైతే అవి తొడిగించిన తర్వాతే తాడు విప్పుతారు. ఆ రెండు నిమిషాలను మనవాళ్ళు విసుగ్గా చూస్తారు. ఆ విసుగు ఎంత ప్రమాదకరమో మన దేశంలో జరిగిన దుర్ఘటనలే చెబుతాయి.

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. అందులో 70 మందికి పైగా ఉన్నారు. వరద పోటులో ఉన్న నది ఇరుకు మలుపు వద్ద పడవను తలకిందులు చేసింది. 50 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. 2023 మే 7న, వేసవి సెలవుల ఆదివారం, కేరళ మలప్పురం జిల్లా తానూరు తీరంలో రెండంతస్తుల విహార పడవ చీకటి పడే వేళ బోల్తా కొట్టింది. 22 మంది చనిపోయారు. వారిలో అధికులు పిల్లలు. ఒకే ఇంటికి చెందిన 11 మంది ఒక్కసారిగా పోయారు. వారు సెలవు రోజున పిల్లలకు నీళ్ళు చూపించడానికి వచ్చిన మామూలు ముస్లిం కుటుంబీకులు. మనవంటి వారే.

పడవ ఎందుకు తిరగబడుతుందో తెలుసుకుంటే ఎలా మసలుకోవాలో తెలుస్తుంది. బరువు ఎంత కిందికి ఉంటే పడవ అంత స్థిరంగా ఉంటుంది. పై అంతస్తులో జనం నిండేకొద్దీ బరువు పైకి చేరుతుంది. అప్పుడు చిన్న అల కూడా దానిని ఊపేస్తుంది. ఫొటోల కోసమో, ఏదో వింత కనిపించిందనో అందరూ ఒకే పక్కకు పరుగెత్తితే ఆ పక్క వాలుతుంది. వాలిన వైపుకే మరింతమంది జారి పడతారు. ఇక కోలుకోవడం ఉండదు. అద్దాలు బిగించిన గదిలో కూర్చున్నవారికి బయటికి రావడానికి దారి దొరకదు.

అందువల్ల దుబాయ్‌లోనైనా, భవానీ ద్వీపంలోనైనా, నాగార్జునసాగర్‌లోనైనా ఈ మాటలు గుర్తుంచుకోవాలి. ఎక్కే ముందు ఆ పడవకు ఎందరి పరిమితి రాసి ఉందో చూడండి. మించి ఎక్కిస్తుంటే టికెట్టు డబ్బు పోయినా సరే దిగిపోండి. లైఫ్ జాకెట్టు ఒడిలో పెట్టుకోవడానికి కాదు. తొడుక్కొని, పట్టీలన్నీ బిగించుకోవాలి. పెద్దల జాకెట్టు పిల్లలకు వేస్తే నీటిలో అది తల మీదుగా జారిపోతుంది. పిల్లల కొలతది అడిగి వేయించండి. బురఖా వేసుకున్న స్త్రీలు జాకెట్టును దాని పైననే తొడుక్కోవాలి, లోపల కాదు. బయటికి పోయే దారి ఎక్కడో కూర్చోగానే చూసుకోండి. చీకటి పడ్డాక చిన్న పడవలు ఎక్కకండి. బీచిలో ఎర్ర జెండా ఎగురుతుంటే నీటిలో కాలు పెట్టకండి.

సిగ్గుపడి, నలుగురు నవ్వుతారని, "అల్లాహ్ ఉన్నాడు" అంటూ జాకెట్టు పక్కన పెట్టేవారున్నారు. ఒంటెను కట్టివేసి తర్వాత దైవం మీద భారం వేయమన్న ప్రవక్త (స) బోధ మనకు తెలియనిది కాదు. పడవలో ఆ కట్టుతాడు లైఫ్ జాకెట్టే.

ఆ గోడల వెనుక చేతులు

రాత్రి మెరీనాలో ఓడ నెమ్మదిగా కదులుతుంటే ఇరుపక్కల భవనాల దీపాలు నీటిలో పడి కరిగిన బంగారంలా కదలాడతాయి. చూడవలసిన దృశ్యమే. ఆ దీపాల మధ్య ఒక్కో అంతస్తూ లేపిన తాపీ మేస్త్రీలు, ఇనుము వంచినవారు, అద్దాలు బిగించినవారు, కాలువ తవ్వినవారు ఎవరు? దక్షిణాసియా పల్లెల నుంచి పోయిన లక్షలాది శ్రమజీవులు. వారిలో మన తెలుగు జిల్లాల వారూ ఉన్నారు. ఏజెంటుకు ఇవ్వడానికి అప్పు చేసి వెళ్ళి, మొదటి రెండేళ్ళ జీతం ఆ అప్పుకే పోసినవారు వారిలో ఎందరో. కాలికి రాయి కట్టుకొని సముద్రంలోకి దిగిన ముత్యాల వేటగానికీ, వీసా కాగితం పట్టుకొని విమానం ఎక్కిన వీరికీ మధ్య తేడా మనం అనుకున్నంత పెద్దది కాదు.

ఎమిరేట్స్ చట్టం ప్రకారం ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ఈ నియమం అవసరమైందంటేనే ఆ ఎండ ఎటువంటిదో ఊహించుకోవచ్చు. ఆ మిగిలిన గంటలన్నీ పని గంటలే.

మన బంధువు ఒకరు అక్కడ పనిచేస్తుంటే, ఆయనను చూడడానికి వెళ్ళినప్పుడు మనం సాధారణంగా చేసేది ఒకటుంది. ఆయనను వెంట తిప్పుకుంటాం. సంచులు మోయిస్తాం, టాక్సీ మాట్లాడిస్తాం, ఫొటోలు తీయిస్తాం. పడవ ఎక్కే వేళకు "నువ్వు రోజూ చూసేదే కదా" అని ఒడ్డున నిలబెడతాం. ఆయన రోజూ చూసేది నిజమే. చూడడం వేరు, ఎక్కడం వేరు. పదేళ్ళుగా ఆ నగరంలో ఉండి ఒక్కసారీ ఆ నీటి మీద అడుగు పెట్టనివారు ఎందరో ఉన్నారు. తన కోసం ఖర్చు పెట్టిన ప్రతి దిర్హమ్‌నూ ఇంటి అవసరంతో గుణించి చూసుకోవడం వారికి అలవాటైపోయింది. చెల్లెలి పెళ్ళి, తమ్ముని ఫీజు, ఇంటి పైకప్పు అన్నీ వారి లెక్కలో ముందుంటాయి. తమ వినోదం ఆ లెక్కలోకే రాదు.

అందువల్ల పాఠక సోదర సోదరీమణులకు ఒక విన్నపం. మీలో ఎవరైనా దుబాయ్ వెళ్ళి మెరీనాలో పడవ ఎక్కే వీలు కలిగితే, ఆ టికెట్లలో ఒకటి ఆయన పేర కొనండి. ఇల్లాలు వెళితే భర్తకు, తల్లి వెళితే కొడుకుకు, అన్న వెళితే తమ్మునికి. అంత స్తోమత లేకపోతే క్రీక్ ఒడ్డుకు పోయి ఒక్క దిర్హమ్ అబ్రా ఎక్కండి. ఆయనను అందరి మధ్య కూర్చోబెట్టండి. పిల్లలకు భవనాలు చూపించేటప్పుడు "అదిగో, అటువంటివి కట్టినవారిలో మీ నాన్న కూడా ఉన్నాడు" అని చెప్పండి. ఎవరు ఏ పని చేసినా, ఆ నగరపు కట్టడంలో ఆయన చెమట ఉన్నదన్న సంగతి పిల్లలకు తెలియాలి. ఆయనకు అది మీ నోట వినపడాలి.